మీ పేరు మీద వారెంట్ ఉందా? నల్లగొండ, పాలమూరు కోర్టుల్లో తెలుసుకునే పద్ధతి

ఎవరి మీద వారెంట్ ఉందో జనం తెరిచి చూసుకునే జాబితా మన దగ్గర ఏదీ లేదు. పోలీసుల కంప్యూటర్లలో ఉన్న వివరాలు వాళ్ల వరకే. మనకు కనిపించేది కోర్టు కేసు. ముందు కేసును పట్టుకుంటే వారెంట్ సంగతి అందులోనే బయటపడుతుంది.

దానికి ఈ-కోర్ట్స్ సర్వీసెస్ వెబ్‌సైటు గానీ, అదే పేరుతో ఉన్న ఉచిత యాప్ గానీ చాలు. కేస్ స్టేటస్‌లో రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకోవాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. 2016లో జిల్లాలు విడిపోయాయి, 2022లో కొత్త జిల్లాలకు సొంత జిల్లా కోర్టులొచ్చాయి. కోదాడ, హుజూర్‌నగర్ కేసులు ఇప్పుడు సూర్యాపేట కింద, రామన్నపేటవి యాదాద్రి భువనగిరి కింద వెతకాలి. కల్వకుర్తి, అచ్చంపేట, కొల్లాపూర్ అయితే నాగర్‌కర్నూల్, అలంపూర్ అయితే గద్వాల, షాద్‌నగర్ అయితే రంగారెడ్డి. పాత అలవాటుకొద్దీ మహబూబ్‌నగర్ ఒక్కటే చూసి 'ఏం లేదులే' అనుకుంటే మోసపోతారు.

ఎఫ్ఐఆర్ నంబరు తెలిస్తే పని సులువు. స్టేషను, నంబరు, సంవత్సరం కొడితే చాలు. అయితే పోలీసులు ఛార్జిషీటు వేసి, కోర్టు దానికి సీసీ (క్యాలెండర్ కేసు) నంబరో ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరో ఇచ్చాకే సాధారణంగా అక్కడ కనిపిస్తుంది. సీఎన్ఆర్, అంటే ఒక్కో కేసుకు విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు ఉంటే ఇంకా మంచిది. అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 16 ఉంటాయి, చివరి నాలుగూ కేసు వేసిన సంవత్సరం.

చెక్కు బౌన్స్ కేసుల్లో చిక్కు వేరు. అవి కోర్టులో నేరుగా వేసే ప్రైవేటు కంప్లయింట్లు, ఎఫ్ఐఆర్ ఉండదు. సమన్లు ఊళ్లోని పాత అడ్రసుకు పోతాయి, మనిషి ముంబైలోనో దుబాయిలోనో ఉంటాడు. కేసు ఉన్నట్టే తెలియకుండా వారెంట్ దాకా వెళ్లేవి ఎక్కువగా ఇవే. వీటిని పార్టీ పేరుతో, అంటే కేసులో ఉన్న మనిషి పేరుతో వెతకాలి. కనీసం మూడు అక్షరాలు, సంవత్సరం తప్పనిసరి. ఏ ఏడాదో తెలియకపోతే ఒక్కో ఏడాదీ మార్చి చూడాల్సిందే. ఇంగ్లిష్ స్పెల్లింగు ఇంకో తలనొప్పి. శ్రీనివాసులు అనే ఒక్క పేరునే ఒక గుమాస్తా 'ఐ' పెట్టి రాస్తే, ఇంకో గుమాస్తా రెండు 'ఈ'లు పెట్టి రాస్తాడు. అందుకే పూర్తి పేరు కొట్టకుండా ఇంటిపేరు ఒకసారి, అసలు పేరులో మొదటి నాలుగైదు అక్షరాలు ఒకసారి వేసి చూడండి. పెండింగ్‌తో ఆగకుండా డిస్పోజ్డ్, అంటే ముగిసిన కేసులు కూడా చూడండి. ముద్దాయిల్లో ఒకరు పేషీలకు రాకపోతే అతని కేసును విడగొట్టి కొత్త నంబరు ఇస్తారు. పాత నంబరులో మిగతావాళ్లకు తీర్పు వచ్చి కేసు ముగిసినట్టు కనిపించినా, రాని మనిషి మీది వారెంట్ కొత్త నంబరులో బతికే ఉంటుంది. ఎంతకీ దొరకని ముద్దాయి కేసు ఎల్పీసీ, అంటే దీర్ఘకాలం పెండింగ్ కేసుల రిజిస్టరులోకి పోతుంది.

కేసు తెరిచాక 'స్టేజ్' దగ్గర ఎన్‌బీడబ్ల్యూ అనో, వారెంట్స్ అనో ఉందేమో చూడండి. ఎన్‌బీడబ్ల్యూ అంటే నాన్ బెయిలబుల్ వారెంట్. కనపడగానే కంగారు పడొద్దు, ఆ మాట కేసు మొత్తానికి రాస్తారు. వారెంట్ ఏ-3 (మూడో ముద్దాయి) మీద ఉండి, మీరు ఏ-1 కావచ్చు. కింద పేషీ తేదీల మీద నొక్కితే ఆ రోజు ఏం జరిగిందో ఒకటి రెండు వాక్యాలు వస్తాయి. అక్కడా తేలకపోతే కోర్టుకు పోవాల్సిందే. వారెంట్ ఎవరి మీద, ఏ తేదీన, ఏ రకంది అన్నది డాకెట్ షీట్‌లో, అంటే ప్రతి పేషీకి ఏం జరిగిందో కోర్టు రాసుకునే కాగితంలో ఉంటుంది. వకాలత్ వేసిన వకీలు ఫైలు చూడొచ్చు, కాపీ అప్లికేషన్ వేసి సర్టిఫైడ్ నకలు తీసుకోవచ్చు. కేసుతో సంబంధం లేనివాళ్లు ఎందుకు కావాలో కారణం చెప్పి జడ్జి అనుమతి తీసుకోవాలి. ఆర్టీఐతో లాగుదామంటే కుదరదు. కోర్టు ఫైళ్ల నకళ్లు కోర్టు రూల్స్ ప్రకారమే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

వేరేవాళ్ల పేరు వెతికేటప్పుడు, ఒకే ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు నలుగురుంటారని గుర్తుంచుకోండి. తండ్రి పేరు, అడ్రసు సరిపోల్చకుండా స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో వేస్తే పరువునష్టం కేసు మీ మెడకే చుట్టుకుంటుంది.

స్టేషన్‌లో అడిగినా తెలుస్తుంది గానీ, నాన్ బెయిలబుల్ ఉన్న మనిషే నేరుగా వెళ్లి 'నా మీద ఏమైనా ఉందా సార్' అంటే అక్కడే కూర్చోబెడతారు. అమలు చేయడం వాళ్ల డ్యూటీ. వకీలునో ఇంట్లోవాళ్లనో పంపండి. బెయిలబుల్ అయితే ఎంత మొత్తానికి, ఎందరు జమానత్‌దారులతో వదలాలో వారెంట్ మీదే రాసి ఉంటుంది.

వారెంట్ పాతబడితే చెల్లదన్నది వట్టి అపోహ. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 72 (పాత సీఆర్పీసీలో 70) ప్రకారం ఇచ్చిన కోర్టు రద్దు చేసేదాకా, లేదా అమలయ్యేదాకా అది అమల్లోనే ఉంటుంది. రాతపూర్వకంగా, జడ్జి సంతకంతో, కోర్టు ముద్రతో ఉండాలన్నదీ ఆ సెక్షనే. వీడియో కాల్‌లో వారెంట్ చూపించి డబ్బు వేయమన్నాడంటే వాడు దొంగే. ఫోన్ పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

వారెంట్ నిజంగానే ఉందని తేలితే దాన్ని రద్దు చేయమని రీకాల్ పిటిషన్ వేయించి, అదే రోజు ముద్దాయి జడ్జి ముందు నిలబడడం మేలు. పేషీకి ఎందుకు రాలేదో కాగితం చూపించాలి: ఆస్పత్రి డిశ్చార్జి షీటు, విమాన టికెట్టు లాంటివి. వకీలుకు ఫీజు ఇచ్చుకోలేనివాళ్లు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థను అడగొచ్చు, ఫోన్ 15100. రద్దయ్యాక ఆ ఆర్డరు నకలు తీసుకుని, స్టేషనుకు సమాచారం చేరిందో లేదో కోర్టు కానిస్టేబుల్‌ను కనుక్కోండి. కోర్టులో రద్దయినా పాత కాగితం స్టేషన్‌లో ఉండిపోయి, నెల తర్వాత అర్ధరాత్రి తలుపు తట్టే ప్రమాదం ఉంది. ఆ నకలు ఫోటో ఫోన్‌లో, ఒక జిరాక్స్ ఇంట్లో పెట్టండి.