రంపపు ఈగల గుర్తింపు - 3వ పాఠం: మీసాల కణుపులు

కిందటి పాఠంలో నడుము చూశాం. కందిరీగ నడుము దారంలా ఉంటుంది. రంపపు ఈగకు రొమ్మూ పొట్టా ఒకే మందంతో కలిసిపోతాయి. ఇద్దరి పేర్లలోనూ ఈగ ఉన్నా, ఈగకు ఉన్నట్టు రెండు కాదు, ఇద్దరికీ రెక్కలు నాలుగు. నడుము చూసి ఇది రంపపు ఈగే అని తేలాక, ఏ ప్రజాతి అన్న ప్రశ్న మీసాల దగ్గర మొదలవుతుంది.

ముందే చెబుతున్నాను, రంగు చూసి పేరు పెట్టకండి. అరకు దగ్గర ముల్లంగి మడిలో పట్టిన పురుగునీ, గులాబీ కొమ్మ మీద దొరికిన పురుగునీ నేను ఒకే పేరుతో ఒకే డబ్బాలో పెట్టుకున్నాను. రెండిటికీ తల నలుపు, పొట్ట నారింజ రంగు. చాలాకాలం తర్వాత లెన్సు పెట్టి మీసాలు చూస్తే, అవి ఒక కుటుంబానివి కూడా కావు!

పది రెట్లు పెద్దగా చూపే చేతి లెన్సు చాలు. పురుగును తెల్ల కాగితం మీద పెట్టి, కిటికీ వెలుగులో, తల వైపు నుంచి మొదలుపెట్టండి. అనకాపల్లి చెరకు గడకు కణుపులు లెక్కపెట్టినట్టే. తలకు ఆనుకొని ఉండే మొదటి రెండు కణుపులు బాగా పొట్టివి, కొత్తవాళ్లు వాటినే వదిలేస్తారు. చివర విరిగిపోయి ఉండొచ్చు కాబట్టి రెండు మీసాలూ లెక్కపెట్టండి.

మూడే కణుపులు ఉండి, మూడోది ఒక్కటే పొడవాటి కడ్డీలా ఉంటే అది ఆర్జిడే కుటుంబం. నా గులాబీ పురుగు ఇదే, ఆర్గే ప్రజాతి. ఇదే కుటుంబంలో స్టెరిక్టిఫోరా మగ పురుగుకు ఆ మూడో కణుపు పంగలకర్రలా రెండుగా చీలి ఉంటుంది. ఆర్గే మగదానికి చీలదు. ఇంకా అనుమానం ఉంటే వెనక కాలి పిక్క చూడండి: ఆర్గేకి చివరికి చేరకముందే ఒక ముల్లు ఉంటుంది, స్టెరిక్టిఫోరాకి ఉండదు.

సన్నగా, తొమ్మిది కణుపులతో ఉంటే టెంత్రెడో కావచ్చు. లిన్నేయస్ 1758లో పెట్టిన పేరు ఇది. అయితే దాని కుటుంబమైన టెంత్రెడినిడేలో తొమ్మిది కణుపులవి చాలా ఉన్నాయి, అందుకే ఇక్కడ ఆగి రెక్కల నరాలు చూడాలి. అది వచ్చే పాఠం.

సాధారణంగా 10 లేదా 11 కణుపులుండి, చివరికి వచ్చేసరికి కొంచెం లావైతే అథాలియా. ఆవ, ముల్లంగి, క్యాబేజీ ఆకులు తినే మన రంపపు ఈగ ఇదే, అథాలియా లూగెన్స్ ప్రాక్సిమా. శీతాకాలపు పంటలో చూడండి. పెద్ద పురుగు దొరక్కపోతే నల్లటి పిల్ల పురుగును చూసినా తెలుస్తుంది: పొట్ట కింద బుడిపె కాళ్లు ఎనిమిది జతలు. గొంగళి పురుగుకు ఐదు జతలకు మించవు. ఈ లెక్క రైతుకు నిజంగా అవసరం, ఎందుకంటే గొంగళి పురుగులకు కొట్టే బీటీ (బాక్టీరియాతో చేసే) మందు దీని మీద పనిచేయదు. ముట్టుకుంటే చుట్టుకొని కింద పడిపోతుంది, చచ్చిందనుకొని వదిలేయకండి.

విశాఖ గాలిలో తేమ ఎక్కువ. పిన్ను గుచ్చిన పురుగుకు బూజు పడితే ముందు పోయేవి మీసాలే. డబ్బాలో సిలికా జెల్ పొట్లం ఉంచండి.

వచ్చే పాఠంలోపు మూడు పురుగులకు కుడి మీసం, ఎడమ మీసం విడివిడిగా లెక్కపెట్టి, దొరికిన చోటు, తేదీ, ఏ మొక్క మీద ఉందో చీటీ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. పేరు ఇప్పుడే రాయొద్దు.