ఫేడర్ పెంచినా గాయని గొంతు వినిపించట్లేదా? బెర్గ్, షోన్‌బెర్గ్ ఆర్కెస్ట్రా పాటల రికార్డింగ్‌లో చిక్కులు

ఆస్ట్రియా స్వరకర్త ఆల్బన్ బెర్గ్, రచయిత పీటర్ ఆల్టెన్‌బెర్గ్ మాటలకి బాణీ కట్టి 1912లో పూర్తిచేసిన ఆల్టెన్‌బెర్గ్ పాటలు ఐదూ కలిపి పది, పదకొండు నిమిషాలే. ఆర్కెస్ట్రా మాత్రం చాలా పెద్దది. సెలెస్టా (గంటల్లా మోగే చిన్న కీబోర్డు వాయిద్యం), పియానో, హార్మోనియం కూడా ఉంటాయి. వాటి మధ్య నిలబడి ఒక్క మెజో-సోప్రానో (మధ్యస్థాయి స్త్రీ గొంతు) పాడాలి. టెన్షన్ ఆమెకే కాదు, కన్సోల్ ముందు, అంటే ఒక్కో మైక్ శబ్దాన్ని ఫేడర్ అనే జారుడు మీటతో పెంచి తగ్గించే బల్ల ముందు కూర్చున్నవాళ్లకీ ఉంటుంది.

సమస్య: గొంతు పెంచితే ట్రాంబోన్లూ పెరుగుతున్నాయి, పైగా మసకగా వినిపిస్తున్నాయి

ముందు చూడాల్సింది ఆమె ఎటు తిరిగి నిలబడిందన్నది. కచేరీలో లాగే కండక్టర్ పక్కన, హాలు వైపు తిరిగి ఉందనుకోండి. ఆమె ముఖానికి ఎదురుగా పెట్టిన మైక్, ఆమె వెనక ఉన్న బ్రాస్‌కి (ట్రాంబోన్ల లాంటి ఇత్తడి వాయిద్యాలకి) కూడా ఎదురుగానే ఉంటుంది. మీరు పెంచుతున్నది గొంతును మాత్రమే కాదు.

ప్రేక్షకులు లేని సెషన్ అయితే ఆమెను కండక్టర్ వెనక్కి, హాల్లోకి కొన్ని మీటర్లు జరిపి, ఆర్కెస్ట్రా వైపు తిప్పండి. ఇప్పుడు మైక్ ముఖం ఆమె వైపు, వీపు ఆర్కెస్ట్రా వైపు. కార్డియాయిడ్ మైక్ వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తక్కువగా తీసుకుంటుంది కాబట్టి సగం తలనొప్పి అక్కడే తగ్గుతుంది. కండక్టర్ తల తిప్పితే కనిపించేలా ఆమెను కాస్త పక్కకి నిలబెట్టండి, లేకపోతే ఆమె పాట అందుకునే చోట్లు తప్పుతాయి.

కచేరీనే రికార్డు చేస్తుంటే ఈ అవకాశం ఉండదు. అప్పుడు ఫిగర్-ఎయిట్ మైక్‌ను (ముందు, వెనక శబ్దాన్ని తీసుకుని పక్కల నుంచి తీసుకోనిది) ఎత్తులో పెట్టి, బాగా కిందికి వంచి, దానికి వినిపించని పక్క బ్రాస్ వైపు ఉండేలా చూడండి. కొంత రాజీ తప్పదు.

సమస్య: గొంతు రెండు చోట్ల నుంచి వస్తున్నట్టుంది

శబ్దం మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఆమె దగ్గరి మైక్ మీటరు దూరంలో, మొత్తం ఆర్కెస్ట్రాను పట్టే మెయిన్ మైకులు నాలుగు మీటర్ల దూరంలో ఉంటే తేడా 9 మిల్లీసెకన్లు. దగ్గరి మైక్‌కి అంత డిలే (ఆలస్యం) ఇవ్వండి. టేపు పట్టుకుని కొలిచే బదులు, ఆమె నిలబడే చోట చప్పట్లు కొట్టి రెండు ట్రాకులూ పక్కపక్కన చూస్తే సరిపోతుంది.

సమస్య: కొన్ని చోట్ల గొంతు అసలు వినిపించట్లేదు

కంప్రెసర్ (హెచ్చుతగ్గుల శబ్దాన్ని సమం చేసే పరికరం) వైపు చెయ్యి వెళ్లే ముందు స్కోర్ (స్వరాలు రాసిన పుస్తకం) తెరవండి. ఆల్టెన్‌బెర్గ్ మొదటి పాటలో గాయని పెదవులు మూసి, ఆ తర్వాత నోరు సగం తెరిచి, అప్పుడు పాటలోకి వస్తుంది. అక్కడ గొంతు కూడా ఒక వాయిద్యమే. లెవెల్ సమానం చేశారంటే బెర్గ్ రాసినదాన్ని చెరిపేసినట్టే. గొంతు అన్నిటికన్నా పైన ఉండాలన్న సినిమా పాటల అలవాటు ఇక్కడ పనికిరాదు. నాకూ ఆ అలవాటు వదలడానికి టైమ్ పట్టింది.

మాటలు నిజంగానే పోతుంటే కారణం ఎక్కువగా వాయిద్యాల బరువే. బెర్గ్ గురువు షోన్‌బెర్గ్ ఆర్కెస్ట్రా పాటల సంపుటి ఆపస్ 22లోని మొదటి పాటకి 24 వయొలిన్లు, 12 చెల్లోలు, 9 డబుల్ బాసులు, 6 క్లారినెట్లు కావాలి. వయోలాలు (వయొలిన్ కన్నా కాస్త పెద్దవి) లేవు. ఇంత మందిని మిక్స్‌లో అణచలేం. ఆ వాక్యం దగ్గర ఒక మెట్టు తగ్గి వాయించమని కండక్టర్‌నే అడగాలి. ఆ తర్వాత మిగిలిన కొద్దిపాటి లోటును ఫేడర్‌తో, మాట మాటకీ చేత్తో సరిచేయండి.

సమస్య: ఎడిట్ తెలిసిపోతోంది

రెండు టేకులు కలిపిన అతుకు దగ్గర ముందు స్వరం ప్రతిధ్వని తెగిపోవడమో, రెండు టేకుల్లో గొంతు అలసట వేరుగా ఉండడమో కారణం. ఆల్టెన్‌బెర్గ్ రెండో పాట 11 బార్లే (తాళం ఆవర్తం లాంటి చిన్న భాగాలు), అతుకు జోలికి పోకుండా మొత్తం మళ్లీ తీసుకోండి. స్వరకర్త మాలర్ ‘దాస్ లీడ్ ఫోన్ డెర్ ఎర్డె’ చివరి పాట దాదాపు అరగంట. దాన్ని గొంతు తాజాగా ఉన్నప్పుడే, పెద్ద పెద్ద భాగాలుగా తీయాలి. ప్రతి భాగాన్నీ రెండు మూడు బార్లు ముందు నుంచి మొదలుపెట్టించండి.

సమస్య: జర్మన్ ‘ష్’, ‘ట్స్’ చెవిలో గుచ్చుకుంటున్నాయి, గొంతు డొల్లగా ఉంది

మైక్‌ను నోటికి సూటిగా కాక కాస్త పైకి, పక్కకి జరపండి. డొల్లతనానికి మాత్రం చాలాసార్లు కారణం స్కోర్ స్టాండే. రేకు పలక మీద తగిలి వెనక్కొచ్చిన గొంతు కూడా మైక్‌లో పడుతుంది. స్టాండ్‌ను కిందికి దించి, దాని మీద మందపాటి గుడ్డ పరవండి. పేజీ తిప్పే చప్పుడు కూడా తగ్గుతుంది.