వేషానికి వెచ్చని క్లోకు: బట్ట ఎంపికలో ఎదురయ్యే సమస్యలు, పరిష్కారాలు

క్రిస్మస్ నాటికలో జ్ఞానులకు, గొర్రెల కాపరులకు, కళాశాల ఉత్సవాల్లో రాజులకు, మాంత్రికులకు, భుజాల నుంచి మడమల దాకా వేలాడే క్లోకు తప్పనిసరి. విశాఖపట్నంలో దీన్ని కుట్టించుకునేవారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఒకే క్లోకును ఈ వారం సముద్రతీరపు ఉక్కలో వేదిక మీద, వచ్చే వారం లంబసింగిలోనో అరకులోనో తెల్లవారుజామున చిత్రీకరణలో వేసుకోవలసి వస్తుంది. బట్ట ఎంత బరువుంటే అంత వెచ్చన అన్న నమ్మకంతో దుకాణానికి వెళ్ళినవారు రెండు చోట్లా ఇబ్బంది పడతారు. ఒంటిని వెచ్చగా ఉంచేది పొరల్లో, పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి. అందుచేత పై బట్టను రూపం కోసం, లోపలి పొరను వెచ్చదనం కోసం విడివిడిగా ఎంచుకోవాలి. కింది సమస్యల్లో చాలావరకు ఒకే బట్టతో రెండు పనులూ చేయించబోవడం వల్ల వచ్చేవే.

వేదిక ఎక్కిన కాసేపటికే చెమటలు పడుతున్నాయి

కారణం సాధారణంగా పాలిస్టరు. బజారులో దొరికే ఫ్లీసు (చలి దుస్తులకు వాడే మెత్తని నూగుబట్ట), చవకరకం వెల్వెట్టు, మెరిసే శాటిన్ లైనింగు దాదాపు అన్నీ పాలిస్టరువే. ఆ పోగు తన బరువులో ఒక శాతం తేమనైనా పీల్చుకోదు. ఉన్ని మాత్రం తన బరువులో 30 శాతం దాకా తేమను లోపలికి తీసుకుని కూడా చేతికి తడిగా తగలదు. శీతాకాలంలోనూ తేమ తగ్గని ఈ ఊరి గాలికి వేదిక దీపాల వేడి తోడైతే, పాలిస్టరు రెండు పొరలుగా కప్పుకున్నవారి చెమటకు ఆరే దారే ఉండదు.

పరిష్కారం లైనింగును విడదీయగలిగేలా కుట్టించడం. మెడ చుట్టూ, ముందు అంచుల వెంట టిచ్ బటన్లు పెట్టిస్తే, ఊళ్ళో ప్రదర్శన ఉన్నప్పుడు పై బట్ట ఒక్కటే వేసుకుని, కొండ మీదికి వెళ్ళేటప్పుడు ఫ్లీసు పొరను తగిలించుకోవచ్చు. పై బట్టకు జగదాంబ కూడలి పరిసరాల్లోని దుకాణాల్లో సూటింగు విభాగాన్ని అడగడం మేలని నా అభిప్రాయం. ఉన్ని కలిసిన సూటింగు వెల్వెట్టంత ఆడంబరంగా కనిపించకపోయినా, చక్కగా జారుతుంది, గాలి ఆడుతుంది. భుజాల వరకు మాత్రం పల్చని నూలు లైనింగు వేయిస్తే చాలు.

ఇంత బరువు మోస్తున్నా చలి ఆగడం లేదు

ఇక్కడ రెండు కారణాలను వేరు చేసి చూడాలి. మొదటిది గాలి బట్టలోంచే దూరడం. ఫ్లీసు నిశ్చలమైన గదిలో ఎంతో వెచ్చగా ఉంటుంది గాని, దాని అల్లిక వదులు కనుక కొండగాలి వీచగానే లోపల నిలిచిన వెచ్చని గాలి కొట్టుకుపోతుంది. దుకాణంలోనే బట్టను నోటికి ఆనించి గట్టిగా ఊది, అవతలి వైపు చెయ్యి పెట్టి చూడండి. ఊపిరి ధారాళంగా తగిలితే ఆ బట్ట లోపలి పొరకే తప్ప పైకి పనికిరాదు. దాని మీద దట్టమైన నేత ఉన్న పల్చని బట్ట ఒక్కటి ఉన్నా తేడా స్పష్టంగా తెలుస్తుంది. రెండవ కారణం బట్టకు సంబంధించినదే కాదు: క్లోకు ముందు భాగం తెరిచి ఉండడం. మెడ దగ్గర ఒక్క కొక్కేనికి బదులు నడుము దాకా మూడు నాలుగు కొక్కేలు పెట్టించి, ముందు అంచులు ఒకదాని మీద ఒకటి జానెడు ఎక్కేలా కత్తిరించి, చేతులు బయటికి రావడానికి చీలికలు ఇవ్వాలి.

మన్యంలో తెల్లవారుజామున మంచు కురుస్తుంది. నూలు దుప్పటితో కుట్టిన క్లోకు ఆ తడిని పీల్చుకుని, బరువెక్కి, ఎండ వచ్చేదాకా ఆరదు. అక్కడికి నూలు వద్దు.

గొర్రెల కాపరి వేషానికైతే ఇంత ఆలోచన అక్కర్లేదు. గొంగళి ఉండనే ఉంది. ముతక ఉన్నితో నేసిన ఆ గొంగళిని తల మీద కొప్పెరగా, అంటే ముసుగులా, మడిచి వేసుకుని మన కాపరులు వానలో, చలిలో మందల వెంట తిరిగారు. గుచ్చుకుంటుందని ఫిర్యాదు చేయడం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడమే. మెడ తగిలే చోట నూలు పట్టీ కుట్టుకుంటే సరిపోతుంది.

కిందికి జారకుండా బిరుసుగా నిలబడుతోంది

ఫెల్టు గాని, వెనుక పూత ఉన్న పరదా బట్ట గాని కొన్నారన్నమాట. కుట్టిన తరువాత దీనికి మందు లేదు. కొనేముందు థానులోంచి మీటరున్నర బట్ట విప్పించి, మూలను పట్టుకుని వేలాడదీస్తే మడతలు వాటంతటవే పడాలి.

మెడ నొక్కుకుపోతోంది, భుజాలు లాగుతున్నాయి

ఇది లెక్కలో వచ్చే పొరపాటు. 60 అంగుళాల పన్నా ఉన్న బట్టలో 130 సెంటీమీటర్ల పొడవైన అర్ధవృత్తపు క్లోకుకు దాదాపు 3 మీటర్లు పడుతుంది. చదరపు మీటరుకు 300 గ్రాముల బట్ట అయితే అది సుమారు ఒక కిలో తూగుతుంది. అదే పొడవును పూర్తి వృత్తంగా, 450 గ్రాముల బట్టతో కుట్టిస్తే బరువు రెండున్నర కిలోలు దాటుతుంది, లైనింగు అదనం. ఆ బరువంతా గొంతు దగ్గరి ఒక్క కొక్కెం మీద వేలాడితే నటుడికి పద్యం కాదు కదా, మాట కూడా పెగలదు. అర్ధవృత్తానికి దిగండి. అప్పటికే కుట్టించినట్లయితే లోపలి వైపు భుజాల దగ్గర రెండు పట్టీలు కుట్టి, ఛాతీ మీదుగా అడ్డంగా తిప్పి వెనుక కట్టుకుంటే బరువు భుజాల మీదికి మారుతుంది.

దీపాల కింద రంగు చారలుగా కనిపిస్తోంది

వెల్వెట్టు నూగుకు ఒక దిశ ఉంటుంది. ముక్కలను తలకిందులుగా కత్తిరిస్తే ఒకటి ముదురుగా, మరొకటి లేతగా కనిపిస్తుంది. అన్ని ముక్కలనూ ఒకే దిశలో కత్తిరించమని దర్జీకి ముందే చెప్పాలి. దీనివల్ల బట్ట కొంచెం ఎక్కువ పడుతుంది.

అంచు ఒకచోట పైకి, ఒకచోట కిందికి ఉంటే, ఏటవాలుగా తెగిన బట్ట సాగిందని అర్థం. కత్తిరించిన క్లోకును ఒక రోజంతా వేలాడదీసి, అంచును సమం చేసిన తరువాతే మడిచి కుట్టించండి.

చలిమంట దగ్గర కాలి రంధ్రాలు పడ్డాయి

పాలిస్టరు నిప్పురవ్వకు కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఆక్రిలిక్ మరింత ప్రమాదకరం, తేలికగా మండుతుంది. ఉన్ని అంత త్వరగా అంటుకోదు. అయితే ఉన్ని అని చెప్పి అమ్మేవన్నీ ఉన్ని కావు కనుక, అంచు నుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని వెలిగించి చూడాలి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడిపొడి అయితే ఉన్ని. కరిగి గట్టి పూసలా మిగిలితే కృత్రిమ పోగు. కాగితం కాలిన వాసన వస్తే నూలు. మీ క్లోకు కృత్రిమ పోగుదైతే మంట దగ్గరికి వెళ్ళేముందు తీసి పక్కన పెట్టండి.

మరుసటి ఏడాది తీస్తే బూజు వాసన

ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టడమే కారణం. పూర్తిగా ఆరబెట్టి, పాత నూలు చీరలో చుట్టి, ఎండిన వేపాకు వేసి దాచాలి. వానాకాలం ముగిసిన తరువాత ఒకసారి బయటికి తీసి గాలికి వేయాలి. ఉన్నిని వేడినీళ్ళలో ఉతికితే కుంచించుకుపోతుంది కాబట్టి, మరకలు లేనప్పుడు దులిపి ఆరబెట్టడంతో సరిపెట్టుకోవచ్చు.