పాత డీజిల్ బండిని ఈఎంపీ దెబ్బకు సిద్ధం చేయడం ఎలా?

1962 జులైలో అమెరికా పసిఫిక్ సముద్రం మీద 400 కిలోమీటర్ల ఎత్తున ఒక అణుబాంబు పేల్చింది. దాదాపు 1,400 కిలోమీటర్ల అవతల ఉన్న హవాయిలో కొన్ని వీధి దీపాలు ఆరిపోయాయి, దొంగల అలారాలు వాటంతట అవే మోగాయి. అదే ఏడాది అక్టోబరులో సోవియట్ యూనియన్ కజకిస్తాన్ మీద చేసిన పేలుడుకు 570 కిలోమీటర్ల టెలిఫోన్ లైనులో ఫ్యూజులు పోయాయి. అంత ఎత్తున పేలిన బాంబు నుంచి పుట్టే విద్యుదయస్కాంత తాకిడినే ఈఎంపీ అంటున్నారు. అందులో చిప్పులను దెబ్బతీసే మొదటి తాకిడి రెప్పపాటు కన్నా లక్షల రెట్లు తక్కువ సమయంలో వచ్చి పోతుంది. ఆ క్షణంలో పొడవాటి వైర్లన్నీ యాంటెన్నాల్లా పనిచేసి, చివరన ఉన్న సున్నితమైన చిప్పుల్లోకి కరెంటును తోసేస్తాయి.

బండ్లన్నీ ఒక్కసారిగా మొరాయిస్తాయన్న ప్రచారాన్ని పూర్తిగా నమ్మకండి. అమెరికాలో ఈఎంపీ మీద వేసిన కమిషన్ 1986–2002 మధ్య తయారైన 37 కార్లను పరీక్షించింది. ఆపి ఉంచిన కార్లకు ఏమీ కాలేదు. నడుస్తున్నవాటిలో మూడింటి ఇంజన్లు ఆగాయి, మళ్లీ స్టార్ట్ చేస్తే అందుకున్నాయి. అయితే ఇప్పటి బండ్లలో ఎలక్ట్రానిక్స్ అప్పటికన్నా చాలా ఎక్కువ. వాటికీ అలాగే జరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పాత డీజిల్ బండి విషయం వేరు. ఒత్తిడికి వేడెక్కిన గాలిలో డీజిల్ తనంతట తానే మండుతుంది కాబట్టి దానికి స్పార్క్ ప్లగ్గు అక్కర్లేదు. మనం చేయాల్సిందల్లా ఆ ఇంజన్‌కు కరెంటుతో ఎక్కడెక్కడ ముడి ఉందో వెతికి, ఆ ముడి తెగినా బండి కదిలేలా చూసుకోవడం.

మొదటి పని: మీ బండి నిజంగా పాతదేనా?

తయారైన ఏడాది చూసి తేల్చకండి, బానెట్ ఎత్తి పంపు చూడండి. డీజిల్ పంపు నుంచి ఒక్కో నాజిల్‌కు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ముక్క) ఒక్కో ఇనుప గొట్టం విడిగా వెళ్తూ, నాజిల్ నెత్తిన వైరు, పంపు మీద వైర్ల కట్ట లేకపోతే అది మెకానికల్ ఇంజన్. అన్ని నాజిళ్లకూ ఉమ్మడిగా ఒక లావు గొట్టం, ప్రతి నాజిల్ మీదా ఒక వైరు ప్లగ్గు ఉంటే అది కామన్ రైలు. కంప్యూటర్ లేకుండా అది తిరగదు, ఈ వ్యాసం దానికి పనికిరాదు. పాత మహీంద్రా జీపులు, పాత టాటా లారీలు, మన ఊళ్లలోని ట్రాక్టర్లలో ఎక్కువ భాగం మెకానికల్ పంపువే. 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 నుంచి కఠినమైన పొగ నిబంధనలు వచ్చాయి కాబట్టి వాటిని ప్రత్యేకంగా చూసుకోవాలి.

రెండో పని: ఇంజన్‌ను ఆపేది ఏమిటో తెలుసుకోవడం

అన్నిటికన్నా ముఖ్యం ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. కొన్ని బండ్లలో డ్యాష్‌బోర్డు కింద నాబ్ లాగితే ఇంజన్ ఆగుతుంది. అలాంటిది ఒకసారి అందుకున్నాక బ్యాటరీ లేకపోయినా తిరుగుతూనే ఉంటుంది. తాళం తిప్పితే ఆగే బండ్లలో చాలావాటికి మాత్రం పంపు మీద ఒక సోలనాయిడ్ ఉంటుంది. బొటనవేలంత ముక్క, నెత్తిన ఒకే ఒక వైరు నట్టుతో బిగించి ఉంటుంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి చెవి దగ్గర పెట్టండి, టక్‌మని చిన్న చప్పుడు వస్తుంది. దానికి కరెంటు అందినంతసేపే డీజిల్ దారి తెరిచి ఉంటుంది. తాళం దగ్గరో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) దగ్గరో వైరు కాలితే, లక్షణంగా ఉన్న ఇంజన్ కూడా ఆగిపోతుంది.

దీనికి రెండు ఏర్పాట్లు చేసుకోండి. ఒక స్పేర్ సోలనాయిడ్ కొని దాచండి. బ్యాటరీ ప్లస్ నుంచి ఆ నట్టు దాకా చేరే వైరు ఒకటి, మధ్యలో ఫ్యూజు, స్విచ్చు పెట్టించి బండిలోనే ఉంచండి. సోలనాయిడ్ లోపలి పిన్ను పీకేస్తే కరెంటుతో పనే ఉండదని కొందరు మెకానిక్‌లు చెబుతారు. మాట నిజమే, కానీ అప్పుడు తాళంతో ఇంజన్ ఆగదు. పంపుకు చేత్తో లాగే స్టాప్ లివర్ ఉంటే తప్ప ఆ పని చేయించకండి. ఎప్పుడైనా ఆగని పరిస్థితి వస్తే టాప్ గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదలాలి.

మూడో పని: అదనపు వైర్లు తీసేయడం, స్పేర్లు దాచడం

బయట కొన్న రిమోట్ లాకు, జీపీఎస్ ట్రాకర్, మ్యూజిక్ సిస్టమ్, బండి చుట్టూ తిప్పిన లైట్ల వైర్లు ఎంత తగ్గిస్తే అంత మంచిది. పాత బండిలో దెబ్బ తినే అవకాశం ఎక్కువగా ఉన్నవి బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు, రెగ్యులేటర్. సెల్ఫ్ మోటారు రాగి తీగే కాబట్టి దాని గురించి అంత బెంగ అక్కర్లేదు.

రెగ్యులేటర్, డయోడ్ ప్లేటు, సోలనాయిడ్, హీటర్ ప్లగ్గుల రిలే ఒక్కొక్కటి కొని అట్టలో చుట్టి, బిగుతుగా మూత పడే రేకు డబ్బాలో పెట్టండి. వస్తువు రేకుకు తగలకూడదు. మూత చుట్టూ అల్యూమినియం టేపు ఖాళీ లేకుండా అంటించండి. రక్షణ పోయేది ఆ సందులోంచే. డబ్బాకు ఎర్తింగ్ అక్కర్లేదు. లోపల మొబైల్ పెట్టి రింగ్ ఇస్తే మోగకపోవడం మంచి సూచనే తప్ప పూర్తి రుజువు కాదు. ‘ఈఎంపీ ప్రూఫ్’ అంటూ బ్యాటరీకి తగిలించే ఖరీదైన పరికరాల మీద డబ్బు పెట్టేముందు ఈ డబ్బా పూర్తి చేయండి.

నాలుగో పని: సెల్ఫ్ లేకుండా స్టార్ట్ చేయడం

డీజిల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్ మన వాతావరణంలో హీటర్ లేకుండానే అందుకుంటుంది. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌కు చల్లగా ఉన్నప్పుడు అవి కావాలి. కాబట్టి టైమర్‌తో పని లేకుండా బ్యాటరీ నుంచి వాటికి లావు వైరుతో ఒక పుష్ బటన్ పెట్టించుకోండి. బండిని ఎప్పుడూ కాస్త వాలులో పెట్టడం అలవాటు చేసుకోండి, చాలామంది రైతులు ట్రాక్టర్‌తో చేసేది ఇదే. రెండో గేరులో ఉంచి, క్లచ్ తొక్కి, బండి వేగం అందుకున్నాక వదలాలి. హ్యాండిల్‌తో తిప్పే ఇంజన్ అయితే బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచండి. ఇంజన్ వెనక్కి కొడితే చెయ్యి విరుగుతుంది.

ఐదో పని: బ్యాటరీ లేకుండా నడిపి చూడటం

ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ వైరు ఎప్పుడూ పీకకండి. ఆల్టర్నేటర్ నుంచి ఒక్కసారిగా ఎగసే ఓల్టేజీకి డయోడ్లు పోతాయి, ఈఎంపీ అక్కర్లేదు. ముందే ఇంజన్ ఆపి బ్యాటరీ వైర్లు, ఆల్టర్నేటర్ వైర్లు విప్పి, కొసలకు టేపు చుట్టి, ఆ తర్వాత వాలులో స్టార్ట్ చేయండి. సోలనాయిడ్ బండి అయితే దానికి మాత్రం విడిగా కరెంటు ఇవ్వాలి. బెల్టు తీయకండి. నీళ్ల పంపు తిరిగేది దాని మీదే. పైగా మన జీపుల్లో చాలావాటికి బ్రేకుల వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. బెల్టు పోతే బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. ఖాళీ స్థలంలో, పగటిపూట, పక్కన ఇంకొకరిని ఉంచుకుని చేయండి.

ఆరో పని: డీజిల్

బండి బతికినా బంకులో పంపు నడవాలంటే కరెంటు కావాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో ఉన్నవాళ్లకు ఈ కష్టం వేరే చెప్పక్కర్లేదు. ఇంటి బయట నీడలో మూత గట్టిగా ఉన్న రెండు క్యాన్లు ఉంచి, ఆరు నెలలకోసారి ట్యాంకులో పోసేసి కొత్తది నింపండి. నిల్వ డీజిల్‌లో నీరు చేరి నాచులాంటిది పెరుగుతుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది. అందుకే రెండు ఫిల్టర్లు స్పేర్ ఉండాలి.

ఫిల్టర్ మార్చాక లైనులో చేరిన గాలి తీయడం మీ చేతికే రావాలి. ఫిల్టర్ నెత్తిన ఉన్న గాలి స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీది ప్లంజర్‌ను చేత్తో కొడుతూ ఉండండి. ముందు బుడగలతో నురుగు వస్తుంది, తర్వాత తుంపర్లు, ఆఖరికి బుడగ లేని సన్నటి ధార. ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి. పంపు మీది స్క్రూ దగ్గరా అంతే. ఇంకా అందుకోకపోతే నాజిళ్ల దగ్గర గొట్టాల నట్లు కొద్దిగా వదులు చేసి, ఇంజన్‌ను తిప్పించి, డీజిల్ కారగానే ఒక్కొక్కటీ బిగించండి. చెయ్యి, ముఖం ఆ నట్లకు దూరంగా ఉండాలి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరుతుంది. అలా జరిగితే గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.