శరత్కాలపు కొండలను పనోరమాగా తీసే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

కొలరాడోలోని డాలస్ డివైడ్ కనుమ వద్ద స్నెఫెల్స్ శిఖరాన్ని, దాని దిగువన పసుపెక్కిన ఆస్పెన్ వనాలను ఒకే పనోరమాలో (పక్కపక్కన తీసిన ఫోటోలను కలిపి కూర్చే విశాల చిత్రంలో) తీయదలచినవారు సాధారణంగా సెప్టెంబరు చివర్లో బయలుదేరడం మంచిది; ఒక్క రాత్రి ఈదురుగాలికే ఆకులు రాలిపోవచ్చు కనుక వాతావరణ సూచనను ముందే చూసుకోవాలి. 62వ నంబరు రహదారి పక్కన కంచె కనిపిస్తే దానిని దాటకూడదు, అవతల ప్రైవేటు పశుక్షేత్రాలున్నాయి.

ట్రైపాడ్ తలను కాక, ముందుగా దాని అడుగుభాగాన్ని బుడగమట్టంతో సమం చేయండి. లేకపోతే కెమెరాను తిప్పేకొద్దీ దిగంతరేఖ ఒరిగిపోతుంది.

పోలరైజర్ ఫిల్టరును తప్పక తీసివేయండి. సూర్యుడికి లంబకోణంలో ఉన్న దిక్కున మాత్రమే అది ఆకాశాన్ని బాగా ముదురుగా చూపుతుంది కాబట్టి, విశాలమైన చిత్రం నడుమ నల్లని చార ఏర్పడుతుంది. ఆకుల మెరుపును అది ఎంత చక్కగా తగ్గించినా, ఆ చారను తరువాత దిద్దే శ్రమకు ఆ లాభం సరిపోదని నా అభిప్రాయం.

ఎండ పడిన పసుపు ఆకుల్లో ఎరుపు ఛానెల్ (చిత్రంలోని ఎరుపు రంగు సమాచారం) అన్నిటికంటే ముందు హద్దు దాటుతుంది, అక్కడ వివరాలు పోతాయి. అందువల్ల అత్యంత ప్రకాశవంతమైన భాగం వైపు కెమెరా తిప్పి, ఎరుపు హిస్టోగ్రామ్ (ఎరుపు వెలుగు స్థాయిలను చూపే గ్రాఫ్) చూసి ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి రానిచ్చే వెలుతురు, నిర్ణయించండి. ఆ తరువాత ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయను సరిచేసే అమరిక) సహా అన్నిటినీ మాన్యువల్‌లో ఉంచి మార్చకండి.

కెమెరాను నిలువుగా బిగించి, ప్రతి ఫ్రేము పక్కదానితో సుమారు మూడో వంతు కలిసేలా, మేఘాల నీడలు జరగకముందే వరుసంతా త్వరగా ముగించండి. కంచె గుంజల వంటివి మరీ దగ్గరగా ఉంటే ఫ్రేముల అతుకుల వద్ద అవి సరిగా కలవవు; అప్పుడు నోడల్ రైలు (కెమెరా లెన్సులోని సరైన బిందువు చుట్టూ తిరిగేలా దానిని ట్రైపాడ్‌పై వెనక్కి జరిపి బిగించే పట్టీ) అవసరం. చలికి బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి. అదనపు బ్యాటరీని లోపలి జేబులో ఉంచుకోండి.