పొట్టలో తిత్తులు – నాలుగో పాఠం: ఒలిస్తే రాని తిత్తి

పోయిన పాఠం చివర ఇచ్చిన కేసుకు మీ జవాబులు చదివాను. మెసెంటరీ (పేగును పొట్ట వెనక గోడకు పట్టి ఉంచే పొర) తిత్తిని ఒలిచి తీయవచ్చని చెప్పడమే తడవు, పేగును ఆనుకున్న ప్రతి తిత్తినీ ఒలవడానికి బయలుదేరారు. కోలిడోకల్ తిత్తి, అంటే పిత్తనాళపు తిత్తి సంగతి వచ్చే పాఠంలో చూద్దాం. ముందు ఈ ఒలుపుడు తేలాలి.

కేసు మళ్లీ చూడండి. భీమిలి నుంచి వచ్చిన 34 ఏళ్ల మహిళ. కుడి పొత్తికడుపులో వచ్చిపోయే నొప్పి, రెండుసార్లు మలంలో ముదురు రంగు రక్తం. అల్ట్రాసౌండ్‌లో 5 సెంటీమీటర్ల నీటి తిత్తి, 'అండాశయానిది కావచ్చు' అని రిపోర్టు. రెండు అండాశయాలూ విడిగా, మామూలుగా ఉన్నాయని అదే రిపోర్టు కింది పేరాలో ఉంది. అక్కడిదాకా చదివినవారు తక్కువ. అండాశయ తిత్తికి మలంలో రక్తమెందుకు పడుతుందని అడిగినవారు ఇంకా తక్కువ.

ఇది ఇలియానికి (చిన్నపేగు చివరి భాగం) పుట్టుకతో వచ్చిన డూప్లికేషన్ తిత్తి, అంటే పేగు పక్కనే పేగులాంటి గోడతో ఏర్పడిన తిత్తి. ఎక్కువగా రెండేళ్ల లోపే బయటపడుతుంది కనుక పెద్దవాళ్లలో ఎవరికీ తట్టదు. 1937లో విలియం లాడ్ ఈ పేరును వాడుకలోకి తెచ్చేదాకా దీన్ని తలా ఒక పేరుతో పిలిచారు. అల్ట్రాసౌండ్‌లో గోడను చూడండి: లోపల తెల్లని గీత మ్యూకోజాది (లోపలి పొర), బయట నల్లని గీత కండరానిది. ప్రోబు కదపకుండా కాసేపు ఆగితే గోడ ముడుచుకోవడమూ కనిపించవచ్చు. వాపు వల్లో పుండు వల్లో లోపలి గీత చెరిగిపోతుంది కాబట్టి, గీత లేనంత మాత్రాన తిత్తి అది కాదనకండి. లోపల జీర్ణాశయపు మ్యూకోజా ఉంటే ఆమ్లం ఊరి పుండు పడుతుంది, రక్తం పోతుంది. అలాంటప్పుడే, ఆ మ్యూకోజా ఎక్కడుందో చూపే టెక్నీషియం స్కాన్ పనికొస్తుంది. రక్తం పోని వారికి నేను రాయను. పాడేరు నుంచి బస్సెక్కి వచ్చే మనిషిని నాలుగు పరీక్షలకు నాలుగుసార్లు తిప్పకండి, ఒక్క మంచి సీటీ చాలు.

ఇక అసలు సంగతి. మెసెంటరీ తిత్తి చాలావరకు లింఫు నాళాలది. దాని పలచని గోడ దానిదే, వేలికి దారి దొరుకుతుంది. డూప్లికేషన్ తిత్తి పేగుకు మెసెంటరీ వైపు కూర్చుంటుంది (ఇలియానికి పుట్టుకతో వచ్చే మెకెల్ సంచి దానికి ఎదురు వైపు). పేగుకూ దీనికీ మధ్య కండరం ఒక్కటే. రెండిళ్ల మధ్య ఉమ్మడి గోడ లాంటిది: మీ వైపు పడగొడితే పక్కింటిదీ పోతుంది. పేగుకు వెళ్లే రక్తనాళాలు తిత్తి మీదుగానే వెళ్తాయి. ఒలవబోతే పేగుకు చిల్లి పడుతుంది. చిల్లి పడకుండా గెలిచామనుకున్నా, నాళాలు తెగి ఆ ముక్క కళ్ల ముందే నల్లబడుతుంది. అందుకే తిత్తితో పాటు ఆ పేగు ముక్కనూ కోసి, రెండు కొసలూ కలపాలి. నేనైతే లాపరోస్కోప్‌తో చూసి, బొడ్డు దగ్గర గాటు కాస్త పెంచి, పేగును బయటికి లాగి చేత్తో కుడతాను. స్టేప్లర్ వద్దనను, కుట్టు రానివారి చేతికి మాత్రం ఇవ్వను.

డుయోడినంలో (చిన్నపేగు మొదటి భాగం) ఆంపుల్లా (పిత్తనాళం వచ్చి తెరుచుకునే చోటు) దగ్గరి తిత్తికి ఈ పద్ధతి కుదరదు. అక్కడ కోతంటే పాంక్రియాస్ (క్లోమం) తలకు ముప్పు. బయటి గోడ కొంత తీసి, తిత్తిని డుయోడినంలోకి తెరవాలి. పొడవాటి గొట్టంలాంటి తిత్తి అయితే కండరం వదిలి మ్యూకోజా మాత్రమే ఒలుస్తారు. 'ఒలవొద్దన్నారుగా' అని రాయకండి, ఒలిచేది లోపలి పొరను, తిత్తిని కాదు. పెద్దవాళ్లలో క్యాన్సర్ పుట్టిన కేసులున్నాయి కాబట్టి, ఆపరేషన్‌కు తట్టుకోగల మనిషికి 'చూద్దాంలే' అని వదలను.

అభ్యాసం: ఇలియం, తిత్తి అడ్డుకోత బొమ్మ చూడకుండా గీసి, నాళాలు ఎర్ర పెన్సిల్‌తో వేసి, క్లాంపులు ఎక్కడ పెడతారో చూపండి. పేగు ముక్క ఎందుకు తీయాలో ఆ భీమిలి మహిళ అత్తగారికి ఒక్క వైద్య పదమూ లేకుండా పది వాక్యాల్లో రాయండి. ఆ తర్వాత మరో కేసు: 60 ఏళ్ల వ్యక్తి, సీకం (పెద్దపేగు మొదలు) పక్కన 8 సెంటీమీటర్ల తిత్తి, గోడలో గట్టి గడ్డ. అపెండిక్స్ మ్యూకోసీల్ (జిగురు నిండి ఉబ్బిన అపెండిక్స్) కూడా మనసులో పెట్టుకుని మీరేం చేస్తారో రాయండి. సూది గుచ్చి నీరు తీస్తామన్న కాగితం నేను దిద్దను.