సాంకేతిక వార్తల కంగారు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

కంప్యూటర్ రంగంలో పెద్ద సంఘటన ఏది జరిగినా ఆ రోజున రెండు రకాల మాటలు చలామణీ అవుతాయి. మొదటిది వార్తా శీర్షిక, రెండవది ఆ రంగంలో పనిచేసేవారు ఏళ్ల తరబడి చెప్పుకొనే జోకు. శీర్షిక జరిగినదాన్ని పెంచి చెబుతుంది, జోకు దాని కారణాన్ని కుదించి చెబుతుంది. అందువల్ల లోపం ఎక్కడుందో వెతికేటప్పుడు శీర్షిక కంటే జోకే ఎక్కువగా అక్కరకొస్తుందన్నది నా అభిప్రాయం. అయితే జోకును జోకుగా గుర్తించలేకపోతే అదే మరో సమస్యకు మూలమవుతుంది కాబట్టి ఆ రకం లోపాలనూ ఇక్కడ చేర్చాను.

లక్షణం: "ఇంటర్నెట్ ఆగిపోయింది" అని వార్త వచ్చింది, మీ తెర మీద కూడా పేజీలు తెరుచుకోవడం లేదు

కారణం: ఇంటర్నెట్ మొత్తం ఒక్కసారిగా ఆగిపోదు. ఆగేది లక్షలాది సైట్లు ఆధారపడిన ఏదో ఒక సంస్థ, అందులోనూ సాధారణంగా ఒక చిన్న భాగం. "డీఎన్ఎస్ తప్పు కాదు, డీఎన్ఎస్ తప్పయ్యే అవకాశమే లేదు, చివరికి చూస్తే డీఎన్ఎస్ తప్పే" అన్నది నెట్‌వర్క్ ఇంజనీర్ల పాత జోకు. సైటు పేరు ఇస్తే దాని సంఖ్యా చిరునామా చెప్పే వ్యవస్థే డీఎన్ఎస్. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ సుమారు ఆరు గంటల పాటు కనిపించకుండా పోయాయి. నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం ఆ సంస్థ డేటా కేంద్రాలను కలిపే వెన్నెముక నెట్‌వర్క్‌ను తెంచింది, అలాంటి ఆదేశాన్ని ఆపవలసిన తనిఖీ సాధనంలోనే లోపం ఉండటంతో అది ఆగలేదు. డేటా కేంద్రాలతో సంబంధం తెగిందని గమనించిన డీఎన్ఎస్ సర్వర్లు తమ దారి వివరాలను బయటి ప్రపంచానికి ప్రకటించడం మానేశాయి. సర్వర్లు పనిచేస్తూనే ఉన్నాయి, వాటి దగ్గరికి వెళ్లే దారి మాత్రం ఎవరికీ తెలియలేదు. 2025 అక్టోబరు 20న అమెజాన్ క్లౌడ్‌కు చెందిన వర్జీనియా ప్రాంతంలో జరిగినదీ ఈ కోవలోదే. డీఎన్ఎస్ వివరాలను మార్చే రెండు స్వయంచాలక ప్రక్రియలు ఒకదానితో ఒకటి పోటీపడి, డైనమోడీబీ అనే డేటాబేస్ సేవ చిరునామాను ఖాళీ చేసి పెట్టాయి. దానిపై ఆధారపడిన సేవలన్నీ వరసగా కూలాయి.

పరిష్కారం: ముందుగా ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో అదే సైటును తెరిచి చూడాలి. అక్కడ తెరుచుకుంటే లోపం మీ ఇంటి కనెక్షన్‌లో ఉంది. అప్పుడు కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 8.8.8.8 అన్న సంఖ్యకు (అది గూగుల్ సర్వర్ చిరునామా) పింగ్, అంటే "ఉన్నావా" అని అడిగే చిన్న సందేశం, పంపాలి. జవాబులు వరసగా వస్తూ ఉండి, పేరుతో మాత్రం ఏ సైటూ తెరుచుకోకపోతే దారి బాగానే ఉంది, చిరునామా చెప్పేవాడే లేడు. అంటే జోకు చెప్పినదే నిజం. నెట్‌వర్క్ సెట్టింగులలో డీఎన్ఎస్ సర్వర్‌గా 1.1.1.1 గానీ 8.8.8.8 గానీ పెట్టి, కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న పాత చిరునామాల జాబితాను (డీఎన్ఎస్ క్యాషే) ఖాళీ చేస్తే చాలావరకు సరిపోతుంది. పింగ్‌కు కూడా జవాబు రాకపోతే రౌటర్‌ను ఒకసారి ఆపి వెలిగించి, కేబుల్ చూసి, ఆ తరువాతే కనెక్షన్ ఇచ్చినవారికి ఫోన్ చేయాలి.

మొబైల్ డేటాలో కూడా ఆ ఒక్క సంస్థ సేవలే తెరుచుకోకపోతే మీరు చేయవలసింది ఏమీ లేదు. ఈ ఏమీ చేయకపోవడమే అన్నిటికంటే కష్టమైన పరిష్కారం. యాప్‌ను తీసేసి మళ్లీ పెడితే లాగిన్ సర్వర్ కూడా పడిపోయి ఉన్నందువల్ల లోపలికి వెళ్లలేరు. రౌటర్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే కనెక్షన్ వివరాలు చెరిగిపోయి, లేని లోపం కొత్తగా వస్తుంది. సంస్థ ప్రకటించే స్థితి పేజీని చూడవచ్చు గానీ అది పచ్చగా ఉన్నంత మాత్రాన నమ్మనక్కరలేదు. 2017 ఫిబ్రవరి 28న ఒక ఆదేశాన్ని తప్పుగా టైపు చేయడం వల్ల అమెజాన్ ఎస్3 నిల్వ సేవ పడిపోయినప్పుడు, స్థితి పేజీని సవరించే వ్యవస్థ కూడా ఆ ఎస్3 మీదే ఆధారపడి ఉన్నందువల్ల సంస్థ కొంతసేపు దానిని మార్చలేకపోయింది.

లక్షణం: నీలి తెర, "ప్రపంచవ్యాప్త సైబర్ దాడి" అన్న పుకారు

కారణం: 2024 జూలై 19న విమానాశ్రయాలలోనూ ఆసుపత్రులలోనూ విండోస్ కుప్పకూలినప్పుడు వచ్చే నీలి తెరలు ఒకేసారి కనిపించినప్పుడు మొదట వ్యాపించిన మాట దాడి అనే. అసలు జరిగింది క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక చిన్న అప్‌డేట్. కొత్త నమూనా 21 విలువలు ఉంటాయని అనుకుంది, దానికి అందినవి 20. లేని ఇరవై ఒకటో విలువ కోసం సాఫ్ట్‌వేర్ తనది కాని మెమరీలోకి చేయి పెట్టింది, అది విండోస్‌కు గుండెలాంటి కెర్నల్‌లో నడిచేది కావడంతో యంత్రమంతా కుప్పకూలింది. సంస్థ 78 నిమిషాలలో ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంది, అప్పటికే సుమారు 85 లక్షల యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం నాడు అప్‌డేట్ వదలరాదన్న జోకుకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఇకముందు కూడా దొరకదేమో.

పరిష్కారం: ఆ నాటి యంత్రాలను అత్యవసర భాగాలు మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో తెరిచి, 291 సంఖ్య గల ఒక ఫైలును చేత్తో తొలగించవలసి వచ్చింది. ఆ ఫైలు ఉన్నది విండోస్‌కు ప్రాణాధారమైన ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డర్ లోపల. అమాయకుల చేత సిస్టమ్32ను తుడిపించడం ఇంటర్నెట్‌లో బాగా పాత కొంటె జోకు కాగా, ఆ ఒక్క రోజు మాత్రం ప్రపంచమంతటా సాంకేతిక సిబ్బంది అధికారిక సూచన మేరకే అందులో ఒక ఫైలును తుడిచారు. క్లౌడ్‌లో నడిచే యంత్రాలను 15 సార్ల వరకు రీస్టార్ట్ చేయవలసి రావచ్చని మైక్రోసాఫ్ట్ చెప్పింది కూడా.

మామూలు రోజుల్లో నీలి తెర వస్తే దాని మీద కనిపించే కోడ్‌ను ఫోటో తీసుకోవాలి, ఎందుకంటే రీస్టార్ట్ అయ్యాక అది గుర్తుండదు. ఇటీవల పెట్టిన డ్రైవర్‌ను గానీ అప్‌డేట్‌ను గానీ సేఫ్ మోడ్‌లో వెనక్కి తీయాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే రికవరీ కీ లేనిదే సేఫ్ మోడ్ కూడా తెరుచుకోకపోవచ్చు కాబట్టి, ఆ కీని యంత్రం బాగున్న రోజునే వేరేచోట రాసి పెట్టుకోవాలి. ఆ కీని అదే కంప్యూటర్‌లోని ఫైలులో దాచుకొనేవారు తక్కువేమీ కాదు.

లక్షణం: "ఆపి, మళ్లీ వెలిగించి చూశారా?" అని అడిగితే ఎగతాళిగా అనిపిస్తుంది, పైగా అలా చేసినా బాగుపడలేదు

కారణం: ఇది జోకు రూపంలో ఉన్న గట్టి సలహా. నడుస్తున్నకొద్దీ ప్రోగ్రాములు మెమరీని తిరిగి ఇవ్వడం మరచిపోతాయి, లెక్కింపులు పరిమితిని దాటుతాయి, ఒకదాని కోసం మరొకటి ఎదురుచూస్తూ ఇరుక్కుంటాయి. రీస్టార్ట్ ఈ చెత్తనంతా ఊడ్చి తెలిసిన స్థితికి తీసుకువస్తుంది. బోయింగ్ 787 విమానాల జనరేటర్ నియంత్రణ యూనిట్లు ఏకధాటిగా 248 రోజులు నడిస్తే విద్యుత్తు నిలిచిపోగలదని, అందువల్ల మధ్యలో ఆపి వెలిగించాలని 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఆదేశించింది. సెకనులో నూరో వంతును లెక్కపెట్టే 32 బిట్ల కౌంటరు, ఒక బిట్ ప్లస్-మైనస్ గుర్తుకు పోతే, 248 రోజుల పైచిలుకుకు నిండిపోతుందన్నది కాగితం మీద ఎవరైనా చేసి చూసుకోదగిన లెక్క.

బాగుపడకపోవడానికి మాత్రం వేరే కారణం ఉంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ పనిచేస్తున్నప్పుడు షట్‌డౌన్ నొక్కితే కెర్నల్ పూర్తిగా ఆగదు. దాని స్థితిని డిస్కులో దాచి, మర్నాడు అలాగే తిరిగి తెస్తుంది, దానితో పాటు లోపాన్నీ తెస్తుంది. పేరు షట్‌డౌన్ అయినా నిజంగా అంతా ఆపి వెలిగించేది రీస్టార్టే.

పరిష్కారం: టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్ విభాగంలో సీపీయూ కింద కనిపించే అప్ టైమ్‌ను చూడాలి. రోజూ ఆపుతున్నామని అనుకున్న యంత్రం వారాల తరబడి ఆగలేదని అక్కడ తెలియవచ్చు. అలా ఉంటే షట్‌డౌన్ కాక రీస్టార్ట్ నొక్కాలి, తరచుగా ఇదే ఇబ్బంది వస్తే పవర్ సెట్టింగులలో ఫాస్ట్ స్టార్టప్‌ను తీసేయాలి.

లక్షణం: "1600 కోట్ల పాస్‌వర్డ్‌లు లీక్" అన్న శీర్షిక, అన్నీ వెంటనే మార్చేయాలన్న ఆత్రుత

కారణం: 2025 జూన్‌లో ఈ శీర్షిక ప్రపంచమంతా తిరిగింది. అది ప్రపంచ జనాభాకు దాదాపు రెట్టింపు సంఖ్య అని ఒక్క క్షణం ఆలోచించినా అనుమానం రావాలి. ఏ పెద్ద సంస్థ ఖజానానూ కొత్తగా ఎవరూ పగలగొట్టలేదు. వేర్వేరు చోట్ల దొరికిన సుమారు 30 డేటా సముదాయాలను కలిపి కూడితే వచ్చిన మొత్తం అది. అందులో ఒకే వివరం పదే పదే వచ్చినవీ, పాతవీ ఉన్నాయి. ఎక్కువ భాగం ఇన్ఫోస్టీలర్ అనే దొంగ సాఫ్ట్‌వేర్‌లు వ్యక్తుల కంప్యూటర్ల నుంచి దోచినవే. అంకె అబద్ధం కాకపోయినా దాని అర్థం శీర్షిక చెప్పినది కాదు.

పరిష్కారం: లీకైన ఖాతాలను చూపే హ్యావ్ ఐ బీన్ పోన్డ్ సైటులో మీ ఈమెయిల్ ఇచ్చి చూసి, అందులో పేరు వచ్చిన ఖాతాల పాస్‌వర్డ్‌లనూ, అదే పాస్‌వర్డ్‌ను వాడిన ఇతర ఖాతాలవీ మార్చాలి. ముఖ్యమైన ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణ గానీ, పాస్‌వర్డ్‌కు బదులు మీ పరికరంతోనే గుర్తించే పాస్‌కీ గానీ పెట్టాలి. అన్నీ ఒకేసారి మార్చబోతే జరిగేదేమిటో మనకు తెలుసు: చివర 1 ఉన్నచోట 2 వస్తుంది. మూడు నెలలకొకసారి మార్చాలి, పెద్ద అక్షరం ఉండాలి, ప్రత్యేక చిహ్నం ఉండాలి అన్న విధానానికి మూలమైన 2003 నాటి అమెరికా ప్రభుత్వ పత్రాన్ని రాసిన బిల్ బర్, ఆ సలహాలలో చాలావాటికి చింతిస్తున్నానని 2017లో చెప్పారు. అదే ఏడాది సవరించిన అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ మార్గదర్శకాలు పాస్‌వర్డ్‌ను లీకైందన్న ఆధారం లేకుండా గడువు పెట్టి మార్పించవద్దన్నాయి. అయినా చాలా కార్యాలయాలలో ఆ తొంభై రోజుల హెచ్చరిక నేటికీ వస్తూనే ఉంది.

లక్షణం: జోకు వార్తగా, వార్త జోకుగా కనిపిస్తున్నాయి

కారణం: 2024 మే నెలలో గూగుల్ శోధన పైభాగాన వచ్చే కృత్రిమ మేధ సమాధానం, పిజ్జా మీద చీజ్ జారిపోకుండా సాస్‌లో జిగురు కలపమని సలహా ఇచ్చింది. దాని మూలం రెడిట్ చర్చా సైటులో అప్పటికి పదకొండేళ్ల క్రితం ఎవరో సరదాగా రాసిన వ్యాఖ్య. భాషా నమూనా వాక్యాల పోలికలను పట్టుకోగలదు గానీ రాసినవాడు నవ్వుతున్నాడో లేదో దానికి తెలియదు. మనిషికీ ఇది ఎల్లప్పుడూ తెలుస్తుందని చెప్పలేం. 2004 ఏప్రిల్ 1న ఉచితంగా ఒక గిగాబైట్ నిల్వతో జీమెయిల్ వస్తోందని గూగుల్ ప్రకటిస్తే, రెండు నుంచి నాలుగు మెగాబైట్లకు అలవాటుపడిన జనం చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకొని నవ్వేశారు. ఇక 1990 ఏప్రిల్ 1న పావురాల ద్వారా ఇంటర్నెట్ సమాచారం పంపే విధానాన్ని ఇంటర్నెట్ ప్రమాణాలను వివరించే పత్రాల వరసలో ఆర్ఎఫ్‌సీ 1149గా ప్రచురించారు. అది పూర్తిగా జోకు. అయినా 2001లో నార్వేలోని బెర్గెన్‌లో లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అభిమానులు కొందరు దానిని నిజంగానే అమలు చేశారు: తొమ్మిది పింగ్‌లు పంపితే నాలుగింటికి జవాబు వచ్చింది, అత్యంత వేగంగా వచ్చిన జవాబుకు 50 నిమిషాలకు పైగా పట్టింది. నా దృష్టిలో సాంకేతిక రంగం మొత్తం మీద ఇంత నిజాయితీగల ప్రయోగ నివేదిక మరొకటి లేదు.

పరిష్కారం: కృత్రిమ మేధ ఇచ్చిన సమాధానం పక్కన మూలం లింకు ఉంటే దానిని తెరిచి, అక్కడ ఆ మాట నిజంగా ఉందా, ఎవరు, ఏ తేదీన, ఏ ధోరణిలో రాశారు అన్నవి చూడాలి. లింకు లేని సమాధానాన్ని ఊహగానే తీసుకోవాలి. ఏప్రిల్ 1న వచ్చిన ప్రకటనను ఏప్రిల్ 2న చదవాలి. శీర్షిక ప్రశ్నార్థకంతో ముగిస్తే "కాదు" అని జవాబు చెప్పుకొని ముందుకు పోవచ్చు, చాలా సందర్భాలలో నష్టమేమీ ఉండదు.

లక్షణం: "మీ కంప్యూటర్ ఇక పనికిరాదు" అన్న వార్త

కారణం: 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసింది. యంత్రం ఆగదు, భద్రతా సవరణలు రావడం ఆగుతుంది.

పరిష్కారం: విండోస్ 11కు కావలసిన టీపీఎం 2.0 అనే భద్రతా భాగం లేదని సందేశం వస్తే, ముందు బయోస్ (యంత్రం వెలిగేటప్పుడు తెరిచే) సెట్టింగులలో అది కేవలం ఆపివేసి ఉందేమో చూడాలి. ఇంటెల్ యంత్రాలలో పీటీటీ అనీ, ఏఎండీ యంత్రాలలో ఎఫ్‌టీపీఎం అనీ ఉంటుంది. ప్రాసెసరే పాతదైతే పొడిగించిన భద్రతా సవరణల పథకంలో నమోదైతే 2026 అక్టోబరు 13 వరకు గడువు దొరుకుతుంది. మిగిలినది లైనక్స్. "లైనక్స్ డెస్క్‌టాప్ ఏడాది ఇదే" అన్న జోకు ప్రతి ఏడాదీ వస్తుంది, ప్రపంచంలోని అగ్రశ్రేణి 500 సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబరు నుంచి దాని మీదే నడుస్తున్నా సరే.

లక్షణం: ఒక పేజీ చెప్పినట్టు ఏవో కీలు నొక్కారు, ఆ తరువాత అనుమానం మొదలైంది

కారణం: సిస్టమ్32 జోకుకు నేరస్థులు చేసిన కొత్త కూర్పు ఇది. మీరు మనిషే అని నిరూపించుకోమని క్యాప్చా లాంటి ఒక పెట్టె వస్తుంది. అందులో విండోస్ కీతో పాటు ఆర్ నొక్కండి, తరువాత కంట్రోల్‌తో వి నొక్కండి, ఎంటర్ నొక్కండి అని మూడు మెట్లు వరసగా ఉంటాయి. మీకు తెలియకుండానే ఆ పేజీ క్లిప్‌బోర్డులో ఒక ఆదేశాన్ని పెట్టి ఉంచింది, మీరు దానిని రన్ పెట్టెలో అతికించి స్వహస్తాలతో నడిపించారు. వచ్చి చేరేది తరచుగా పైన చెప్పిన ఇన్ఫోస్టీలరే. నిజమైన క్యాప్చా ఏదీ బ్రౌజర్ బయటకు వెళ్లి కీలు నొక్కమని అడగదు.

పరిష్కారం: వెంటనే నెట్ తెంచాలి. ఆ కంప్యూటర్‌లో ఏ పాస్‌వర్డ్‌నూ మార్చకూడదు, ఎందుకంటే కొత్తది కూడా దొంగకే చేరుతుంది. వేరే శుభ్రమైన పరికరం నుంచి ముందు ఈమెయిల్, తరువాత డబ్బుకు సంబంధించిన ఖాతాలు, ఆపైన మిగతావి మార్చాలి. ప్రతి ఖాతాలోనూ "అన్ని పరికరాల నుంచి లాగౌట్" అన్నదాన్ని కూడా నొక్కాలి, లేకపోతే బ్రౌజర్‌లో మీ లాగిన్‌ను గుర్తుంచే కుకీని దొంగిలించినవారు దానితో పాస్‌వర్డ్ అవసరం లేకుండానే లోపలికి రాగలరు. ఆ తరువాత ముఖ్యమైన ఫైళ్లను మాత్రమే బయటకు తీసుకొని, ప్రోగ్రాములను వదిలేసి, విండోస్‌ను మొదటి నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలి.